తరగతికి ముందు అరగంట

(తిరుమలగిరిలో జరిగిన మైనారిటీ పాఠశాలల ఉపాధ్యాయులు, నిర్వాహకులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపాధ్యాయులము కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి పొందిన కొందరము కలిసి, ఈ తిరుమలగిరి, లాల్‌బజారు, లోతుకుంట బస్తీల పిల్లలకు సాయంత్రం వేళ చదువులో తోడుగా ఉంటున్నాము. అంతకు మించిన అర్హత మాకు లేదు. అయినా ఈ విషయంపై మాట్లాడమని మమ్మల్ని ఎందుకు పిలిచారో ఊహించగలము. ఉదయం బడిలో జరిగిన పాఠం సాయంత్రానికి మేము పరిచిన చాప మీదికి వస్తుంది. చెప్పినవారు ముందుగా ఆలోచించుకొని వచ్చి చెప్పారా, లేక గంట మోగిన తర్వాత ‘నిన్న ఎక్కడ ఆపాము?’ అని పిల్లలనే అడిగి పుస్తకం తెరిచారా అన్నది మేము ఎవరినీ ప్రశ్నించకుండానే పిల్లవాడి నోటుపుస్తకం చెప్పేస్తుంది.

హక్కుల సమావేశంలో పాఠం తయారీ ప్రసంగం ఏమిటని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు, వక్ఫ్ ఆస్తులు, ఉర్దూ ఉపాధ్యాయుల ఖాళీలు, వీటి గురించి మనము ఎన్నో ఏళ్ళుగా వినతిపత్రాలు వ్రాస్తున్నాము. ఇకముందు కూడా వ్రాస్తాము. 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదికను ప్రధానమంత్రికి సమర్పించింది. 6 నుంచి 14 ఏళ్ళ మధ్య ఉన్న ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానివేశారని అందులో చదివి మనమందరము తల పట్టుకున్నాము. ఆ తర్వాత మన ప్రయత్నమంతా పిల్లవాణ్ణి బడి గడప దాటించడం మీదనే సాగింది. అది కొంతవరకు ఫలించింది కూడా. 2016 జూన్‌లో తెలంగాణలో 71 మైనారిటీ గురుకులాలు ఒకేసారి తెరుచుకున్నాయి. కొద్ది సంవత్సరాలలోనే వాటి సంఖ్య 204కు చేరింది. ఆడపిల్లలు హాస్టలు పెట్టె పట్టుకొని బయలుదేరిన ఆ దృశ్యం మా తరం కలలో కూడా ఊహించనిది. అయితే గడప దాటిన పిల్లవాడికి లోపల ఏమి దొరుకుతున్నది? ఆ నలభై అయిదు నిమిషాలలో ఏమి జరుగుతున్నది? ఇది కూడా హక్కుల ప్రశ్నే అని మా అభిప్రాయం. సీటు లభించినంత మాత్రాన చదువు లభించినట్లు కాదు.

ఈ సంగతి సంపన్నుల పిల్లల విషయంలో అంత పదునుగా తగలదు. అక్కడ బడిలో పాఠం పాడైతే ఇంట్లో మరమ్మతు జరుగుతుంది. తండ్రి చదువుకున్నవాడు, తల్లి చదువుకున్నది, లేదా ట్యూషన్ మాస్టారు వస్తారు. మన బస్తీ పిల్లవాడి సంగతి వేరు. తండ్రి ఆటో నడుపుతాడు, లేదా మెకానిక్ షెడ్డులో ఉంటాడు. తల్లి కుట్టుమిషను ముందు నుంచి లేవదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య వంతెన వేయగల మనిషి ఆ పిల్లవాడి జీవితంలో ఒక్కరే ఉన్నారు. వారు ఆ తరగతి ఉపాధ్యాయులు. వారు సిద్ధపడకుండా వచ్చిన రోజున ఆ పాఠం ఆ పిల్లవాడికి ఇక ఎక్కడా దొరకదు. పై తరగతిలో దాని మీద కట్టవలసిన పాఠం వచ్చినప్పుడు కింద పునాది లేదన్న సంగతి బయటపడుతుంది. అప్పుడు మనము ‘పిల్లవాడికి బుర్ర లేదు, పనిలో పెట్టండి’ అంటాము. తొమ్మిదో తరగతిలో చదువు మానివేసే పిల్లలు నిజానికి నాలుగో తరగతిలోనే మానివేసి ఉంటారు. హాజరుపట్టీలో పేరు మాత్రం కొనసాగుతూ ఉంటుంది.

సిద్ధపడడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెప్పడానికి అనుమతించండి. భిన్నాల కూడిక తీసుకుందాము. నాలుగింట ఒకటికి రెండింట ఒకటి కలపాలి. మా దగ్గరికి వచ్చే పిల్లలలో ఎక్కువమంది పైవాటిని కలిపి రెండు, కిందివాటిని కలిపి ఆరు అని వ్రాసి, ఆరింట రెండు అని తేలుస్తారు. ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టివేసి, ‘క.సా.గు. కట్టాలి’ అని పక్కన వ్రాస్తారు. పిల్లవాడు అలాగే కట్టడం నేర్చుకుంటాడు, పరీక్ష ముగియగానే మరచిపోతాడు. తాను మొదట వ్రాసినది ఎందుకు తప్పో అతనికి ఎవరూ చెప్పలేదు కదా.

అదే పిల్లవాడు ప్రతి శుక్రవారం సంతకు పోయి కూరగాయలు తెస్తాడు. పావ్ కిలో, ఆధా కిలో, పౌన్ కిలో, సవా కిలో, డేఢ్ కిలో, ఢాయీ కిలో, ఈ మాటలన్నీ అతని నాలుక మీద ఉన్నాయి. తెలుగు పిల్లలకు పావు, అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర ఉన్నట్లే. పైగా ఉర్దూలో ‘పౌనే దో’ అంటే రెండుకు పావు తక్కువ. తీసివేత ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. ఇంత గణితం నోట్లో పెట్టుకొని వచ్చిన పిల్లవాడికి ‘ఫ్రాక్షన్’, ‘న్యూమరేటర్’ అన్న శబ్దాలు మాత్రం వినిపించి, నీకు లెక్కలు రావని చెప్పి పంపుతున్నాము. ముందు రోజు పదిహేను నిమిషాలు కూర్చొని ఆలోచించిన ఉపాధ్యాయురాలు ఏమి చేస్తుంది? ‘ఆధా కిలో టమాటాల సంచిలో ఇంకో పావ్ కిలో వేస్తే ఎంత?’ అని అడుగుతుంది. ‘పౌన్ కిలో’ అని తరగతి అంతా అరుస్తుంది. ‘మరి నీవు వ్రాసిన ఆరింట రెండు అంటే మూడింట ఒక వంతు, అది ఆధా కన్నా తక్కువ. సంచిలో ఇంకా వేసిన తర్వాత బరువు తగ్గుతుందా?’ అని అడుగుతుంది. పిల్లవాడు నవ్వుతాడు. ఆ నవ్వుతో తప్పు పోతుంది. ఇక తిరిగి రాదు. క.సా.గు. ఎందుకు కావలసివచ్చిందో అప్పుడు చెప్పవచ్చు.

గమనించండి. ఈ పాఠానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు, తెర అక్కరలేదు, ప్రొజెక్టరు అక్కరలేదు. కావలసినవి రెండే. పిల్లలు ఎక్కడ తప్పు చేయబోతారో ముందుగా తెలిసి ఉండడం ఒకటి. ఆ తప్పును సరిదిద్దగల సామగ్రి వారి ఇంట్లోనే ఏమున్నదో వెదకి ఉంచుకోవడం రెండవది. ఈ రెండూ తరగతిలో నిలబడిన తర్వాత తోచేవి కావు. నలభైమంది ఎదురుగా ఉండగా, వెనుక బల్లమీద ఇద్దరు కొట్టుకుంటూ ఉండగా, ఎంతటి పండితునికీ తోచవు.

మరొక ఉదాహరణ ఈ ప్రాంతానిదే. విజ్ఞానశాస్త్రంలో సూక్ష్మజీవులు, వ్యాధుల పాఠం వచ్చినప్పుడు దోమ వలన మలేరియా వస్తుందన్న ఒక వాక్యాన్ని పిల్లలు బట్టీ పడతారు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అంతకు ముందు రెండేళ్ళపాటు వేరే రకాల దోమలను కోసి కోసి విసిగిపోయాడు. ఆ చివరి ప్రయోగానికి తన రక్తం ఇచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగశాల భవనం నేటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉన్నది. ఈ నాలుగు మాటలు తెలుసుకొని వచ్చిన ఉపాధ్యాయుని తరగతిలో, ముందు బల్లమీద కూర్చున్న మరో హుస్సేన్ ఖాన్ నిటారుగా కూర్చుంటాడు. శాస్త్రము అనేది లండనులో పుట్టి పుస్తకంలో దిగిన వస్తువు కాదని, తన ఊరి మనిషి రక్తం అందులో ఉన్నదని అతనికి తెలుస్తుంది. ఇంత చిన్న విషయం మన బడులలో ఎందుకు వినబడదు? ఉపాధ్యాయులకు తెలియక కాదు. వెదకడానికి వారికి తీరిక లేక. తీరిక సంగతికి తర్వాత వస్తాము.

సిద్ధపడడం అనగానే ‘మేము పాఠ్యప్రణాళిక వ్రాస్తూనే ఉన్నామండీ’ అని ఉపాధ్యాయులు అంటారు. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్రణాళిక, పీరియడ్ ప్రణాళిక, డైరీ, అన్నీ ఉన్నాయి; ప్రధానోపాధ్యాయుల సంతకాలు కూడా ఉన్నాయి. కాగితాల మధ్యనే జీవితం గడిపినవాళ్ళము కనుక ఈ విషయంలో మాకు కొంచెం అధికారం ఉన్నది. మా కార్యాలయాలలో టప్పాలులో వచ్చిన కాగితాన్ని ఉన్నదున్నట్లుగా తీసుకుపోయి అధికారి బల్లమీద పెట్టేవాడిని ఎవరూ గుమాస్తా అనరు. దాని పూర్వాపరాలు వెదకి, స్టాకు ఫైలులోని పాత ఉత్తర్వులు తీసి ఫ్లాగులు పెట్టి, ఏ అభ్యంతరం రాగలదో ఊహించి, నోటు వ్రాసి పుటప్ చేయాలి. అధికారి ఆ ఫైలును చూసేది రెండు నిమిషాలు; వెనుక ఉన్నవి రెండు గంటలు. ఇదే కార్యాలయంలో మరో రకం ఫైలు కూడా ఉంటుంది. తనిఖీకి రెండు రోజుల ముందు రిజిస్టరులో గళ్ళు పూరించి, ఒకే సిరాతో పన్నెండు నెలల తేదీలు వేసి తయారుచేసేది. చూడడానికి అదే అందంగా ఉంటుంది! ఫోనులో వచ్చిన పాఠ్యప్రణాళికను మక్కికి మక్కి దించి సంతకం చేయించుకున్న డైరీ ఈ రెండవ రకానికి చెందినది. తనిఖీ అధికారికి అది చాలు. ఆరింట రెండు అని వ్రాసిన పిల్లవాడికి అది ఎందుకూ పనికిరాదు. మా మాట కటువుగా తోస్తే మన్నించండి. ఆ డైరీ అలా తయారు కావడానికి ఉపాధ్యాయులకన్నా దానిని అడిగేవారే ఎక్కువ కారకులు. తూచి చూసేది కాగితమే అయినప్పుడు కాగితమే తయారవుతుంది.

ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాము, ఇంకా ఏమి సిద్ధపడాలి అన్న పెద్దలూ ఉన్నారు. వారి అనుభవానికి మా గౌరవం. అయితే పాఠం అదే కావచ్చు, పిల్లలు వేరు. పుస్తకాలూ మారుతున్నాయి. 2022–23 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇరవై ఏళ్ళు తెలుగులో చెప్పిన విషయాన్ని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు అనుభవం సగమే తోడు వస్తుంది. మిగిలిన సగాన్ని రాత్రి కూర్చొని కూడగట్టుకోవలసిందే.

ఇదేదో విదేశాల నుంచి దిగుమతి అయిన కొత్త పద్ధతి అనుకునేవారికి ఒక మాట. మన మదర్సాలలో ‘ముతాలా’ అన్న మాట ఎంత పాతదో ఇక్కడున్న ఆలిములకు తెలుసు. పాఠానికి ముందు రాత్రి ఆ భాగాన్ని చదివి, తెలియని చోట్ల గుర్తు పెట్టుకొని రావడం ముతాలా. మరునాడు ఉస్తాదు ఎదుట సబక్. ఆపైన సహాధ్యాయులతో కూర్చొని తిరిగి చెప్పుకోవడం తక్రార్. (మా కచేరీల తెలుగులో తకరారు అంటే వివాదమై కూర్చున్నది, మదర్సాలో అది నెమరువేత.) ముతాలా శిష్యునికే కాదు, ఉస్తాదుకు కూడా. నలభై ఏళ్ళుగా ఒకే గ్రంథం బోధిస్తున్న ఉస్తాదులు కూడా ముతాలా లేకుండా గద్దె మీద కూర్చోరాదనుకునే సంప్రదాయం అది. ఇమామ్ మాలిక్ హదీసు బోధించే ముందు వుజూ చేసి, శుభ్రమైన వస్త్రాలు ధరించి, పరిమళం పూసుకొని కూర్చునేవారని గ్రంథాలు చెబుతాయి. పాఠం చెప్పడమంటే వారికి ఎంత పెద్ద పనో చూడండి. సచార్ కమిటీ లెక్క ప్రకారం మన పిల్లలలో మదర్సాకు పోయేవారు నూటికి ముగ్గురో నలుగురో మాత్రమే. మిగిలినవారు చదివే బడులకు ఆ ముతాలా ఎందుకు రాలేదన్నది ఆలోచించవలసిన విషయం.

మన నగరంలోనే ఇంకా పెద్ద నిదర్శనం ఉన్నది. ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయం స్థాపించాలని 1917లో నిజాం ఫర్మానా వెలువడింది. తరగతులు మొదలైనది 1919లో. ఈ మధ్యకాలంలో జరిగిన మొదటి పని ఏమిటి? భవనాలు కాదు. ఆర్ట్స్ కళాశాల భవనం ఎంతో కాలం తర్వాత వచ్చింది. మొదట వచ్చినది దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ. మౌల్వీ అబ్దుల్ హక్ గారి ఆధ్వర్యంలో చరిత్ర, అర్థశాస్త్రం, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే పని సాగింది. ఒక్కొక్క పారిభాషిక పదం కోసం పండితులు సంఘాలుగా కూర్చొని వాదులాడుకున్నారు. విద్యార్థి బల్లమీద కూర్చునే నాటికి అతని చేతిలో పెట్టడానికి పుస్తకం, ఉపాధ్యాయుని నోటిలో మాట సిద్ధంగా ఉండాలన్నది వారి పట్టుదల. ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు మాట్లాడే అధికసంఖ్యాకుల భాషకు తగిన చోటు దక్కలేదన్న విమర్శ న్యాయమైనదే, దానిని కాదనము. అయినా తయారీ విషయంలో వారి క్రమాన్ని చూసి నేర్చుకోవలసినది ఉన్నది. నేడు మనము బడి తెరిచేటప్పుడు ముందుగా బోర్డు వ్రాయిస్తాము, తర్వాత యూనిఫారం రంగు నిర్ణయిస్తాము, జూన్ రెండవ వారంలో ఉపాధ్యాయుల కోసం వెదుకుతాము.

ఇక తీరిక సంగతి. ఇది నిర్వాహకులకు సంబంధించినది. కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాము.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టానికి ఒక షెడ్యూలు ఉన్నది. గదులు ఎన్ని, మరుగుదొడ్లు ఎన్ని అని చూడడానికే అందరూ దానిని తిరగేస్తారు. అందులో ఉపాధ్యాయుల పనిగంటల వరుస ఒకటి ఉన్నది. వారానికి కనీసం 45 గంటలు, సిద్ధపడే గంటలతో కలిపి అని దాని తాత్పర్యం. ‘కలిపి’ అన్న మాటను దయచేసి గుర్తు పెట్టుకోండి. అదే షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు. లెక్క కడితే రోజుకు సుమారు నాలుగున్నర గంటల బోధన. ఆరు రోజుల వారానికి 45 గంటలంటే రోజుకు ఏడున్నర గంటల పని. మధ్య ఉన్న మూడు గంటలు దేనికి? పాఠం సిద్ధం చేసుకోవడానికి, నోటుపుస్తకాలు దిద్దడానికి, వెనుకబడిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడానికి, తల్లిదండ్రులతో మాట్లాడడానికి. అంటే సిద్ధపడడం ఉపాధ్యాయుల సొంత పుణ్యకార్యం కాదు. జీతం ఇచ్చి చేయించవలసిన పనిలో భాగమని చట్టం గుర్తించింది.

మన చిన్న బడులలో జరుగుతున్నది ఏమిటి? మేము చూసిన ఒక బడిలో రోజుకు ఎనిమిది పీరియడ్లుంటే ఒక ఉపాధ్యాయురాలికి ఏడు ఇచ్చారు. ఎనిమిదవది ఖాళీ అనుకుంటే, రాని మరో టీచరు తరగతికి పంపేవారు. అయిదో తరగతికి గణితం, ఆరో తరగతికి సాంఘికశాస్త్రం, ఏడో తరగతికి ఇంగ్లీషు. ఆమె డిగ్రీ చదివినది వాణిజ్యశాస్త్రం. ఇచ్చే జీతం ఆటో ఖర్చులకు, ఇంటి అద్దెలో కొంత భాగానికి సరిపోతుంది. సాయంత్రం ట్యూషన్లు చెప్పక తప్పదు. ఆపైన ఇంటి వంట, చిన్న పిల్లలు. ఆమెను నిలబెట్టి ‘నీవెందుకు సిద్ధపడి రావు తల్లీ?’ అని అడిగే హక్కు మనలో ఎవరికి ఉన్నది? ఇంత భారం మధ్య కూడా ఆమె ఆటోలో వస్తూ ఒడిలో పుస్తకం తెరిచి చదువుకుంటూ కనబడేది. ఆమె లోపం ఏమీ లేదు. లోపమున్నది ఆ టైంటేబులులో.

మన నిర్వాహకులు కొందరు వెంటనే రాజ్యాంగం 30వ అధికరణం చూపుతారు. మన సంస్థలను మనమే స్థాపించుకొని నిర్వహించుకునే హక్కు మనకున్నది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పింది కూడా. ఆ హక్కు విలువైనది. దానిని కాపాడుకోవడం మన పత్రికలు, మన సంఘాలు చేయవలసిన పనే. అయితే ఆ తీర్పును ఉపాధ్యాయుని తీరికకు అడ్డుగోడగా ఎవరైనా వాడుకుంటే మేము అంగీకరించము. చట్టం మనకు వర్తించదు అంటే చట్టంలోని మంచి మనకు నిషిద్ధం అని అర్థమా? 1958లో కేరళ విద్యా బిల్లుపై అభిప్రాయం చెబుతూ ఇదే న్యాయస్థానం నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు చేరదని స్పష్టం చేసింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పు సరైనదేనా అన్న సందేహం వెలిబుచ్చి, ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనం పరిశీలనకై ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. రేపు మన తరఫు న్యాయవాది నిలబడి మైనారిటీ పాఠశాలలు తమ పిల్లల మేలు తామే చూసుకోగలవని వాదించవలసి వస్తుంది. ఆ వాదనకు సాక్ష్యం మన తరగతి గదులలో ఉండాలి. ఏడు పీరియడ్ల టైంటేబులును ఎదుటి పక్షం వారు తెచ్చి చూపితే మన న్యాయవాది ఏమి చెబుతారు?

ప్రభుత్వం చేతులు కూడా శుభ్రంగా లేవు. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే ఇతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షను చెబుతుంటే, ఆన్‌లైను నివేదికలకు, ఫొటోలు అప్‌లోడు చేయడానికి వారి గంటలు కరిగిపోతున్నాయి. ఉర్దూ మాధ్యమ పోస్టులు అభ్యర్థులు లేని రోస్టరు వర్గాల కింద పడి ఖాళీగా మిగిలిపోతున్నాయన్న ఫిర్యాదు ఎంత పాతదో మీకు తెలుసు. ఒక ఉపాధ్యాయుడు మూడు తరగతులను ఒకే గదిలో చూసుకుంటున్న చోట తయారీ గురించి ఉపన్యసించడం అన్యాయం. మంచి ప్రయత్నాలు జరగలేదని కాదు. 1980 దశకంలో బ్రిటిష్ సహాయంతో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకాన్ని ఇక్కడి పెద్ద ఉపాధ్యాయులు ‘ఏపెప్’ అని గుర్తుపడతారు. ఉపాధ్యాయులు స్వయంగా తయారుచేసిన కృత్యాలు, స్థానిక పరిసరాల వినియోగం దాని సూత్రాలలో ముఖ్యమైనవి. ఉపాధ్యాయ కేంద్రాలలో కూర్చొని తమ పాఠాలు ఒకరికొకరు చూపుకునేవారు. 2022లో తొలిమెట్టు వచ్చింది. పథకం వచ్చిన ఉత్సాహం కొన్నాళ్ళుంటుంది, నిధులు ఆగగానే కేంద్రం గదికి తాళం పడుతుంది. పథకంతో సంబంధం లేకుండా నిలిచే అలవాటు మనకు కావాలి.

జపానులో ఉపాధ్యాయులు నలుగురైదుగురు కలిసి ఒకే పాఠాన్ని తయారుచేసుకుంటారు. ఒకరు తరగతిలో బోధిస్తారు, మిగిలినవారు వెనుక కూర్చొని పిల్లలను గమనిస్తారు. తర్వాత పాఠం ఎక్కడ కుంటుపడిందో మాట్లాడుకొని దానిని సరిచేస్తారు. అక్కడ గమనించేది ఉపాధ్యాయుని కాదు, పాఠాన్ని. అందువల్ల ఎవరికీ చిన్నతనం ఉండదు. మన ప్రాంతంలో అయిదారు చిన్న బడులున్నాయి. ప్రతి బడిలోనూ ఆరో తరగతి గణితం చెప్పేవారు ఒకరే ఉంటారు. వారికి తోడు లేదు, అడగడానికి మనిషి లేడు. ఆ అయిదారుగురు కలిస్తే?

అందుకని నిర్వాహక మిత్రులను మూడు విషయాలు అడుగుతున్నాము. అప్పు అడిగినట్లు కాదు, రావలసిన బాకీ అడిగినట్లు. ప్రతి ఉపాధ్యాయునికీ రోజుకు కనీసం ఒక పీరియడు, దానిలో మరో తరగతికి పంపకుండా, పాఠం కోసమే విడిచిపెట్టండి. ఏ తరగతి, ఏ విషయం అన్నది ఏప్రిల్‌లో సెలవులకు ముందే చెప్పి పుస్తకాలు చేతికివ్వండి. వేసవి నెలల జీతం ఎగవేయడానికి ఏప్రిల్‌లో తీసివేసి జూన్‌లో మళ్ళీ చేర్చుకునే పద్ధతి ఉన్నంతకాలం ఇది సాధ్యం కాదు గనుక, ఆ పద్ధతిని మానండి. డైరీ మీద సంతకం పెట్టే ముందు ప్రధానోపాధ్యాయులు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ పాఠంలో మన పిల్లలు ఎక్కడ పొరబడతారనుకుంటున్నారు?’ జవాబు ఉంటే డైరీలో గళ్ళు ఖాళీగా ఉన్నా పరవాలేదు. గురుకులాలలో పనిచేసే సోదరీమణులు పగలు పాఠాలు, సాయంత్రం స్టడీ అవరు, రాత్రి డ్యూటీ మధ్య నలిగిపోతున్న సంగతి మాకు తెలుసు. వారి విషయమై వేరుగా వినతిపత్రం వ్రాస్తున్నాము. దాని ప్రతి బయట బల్లమీద ఉన్నది, చదివి సంతకం చేయండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బడికి వెళ్ళినప్పుడు ఫీజు ఎంత, మార్కులు ఎన్ని అని మాత్రమే అడగకండి. మా పిల్లల టీచరమ్మకు రోజుకు ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారని కూడా అడగండి. నాలుగు ఇళ్ళవారు అడిగితే అది ప్రశ్న అవుతుంది, నలభై ఇళ్ళవారు అడిగితే టైంటేబులు మారుతుంది.

మేము మా వంతుగా చేయగలిగినది చిన్నదే. వచ్చే శనివారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఈ గదినే తెరిచి ఉంచుతాము. చాయ్ మా బాధ్యత. ఆరో తరగతి గణితం చెప్పేవారు, ఏ బడివారైనా సరే, పాఠ్యపుస్తకము, తమ పిల్లలవి తప్పులున్న నోటుపుస్తకాలు రెండు మూడు తీసుకొని రండి. మంచి మార్కులు వచ్చినవి అక్కరలేదు. దశాంశాల పాఠంతో మొదలుపెడదాము. ఒక ఉపాధ్యాయురాలు ముందు చెబుతారు, మిగిలిన మేమంతా పిల్లలుగా కూర్చుంటాము. తప్పులు వ్రాయడం మాకు బాగా వచ్చు.